నాకు అక్షరం రాదన్న మనిషి

నాకు చదువు రాదని అతను పదిమందిలో చెప్పాడు. వస్తుందని తెలిసి చెప్పాడు. పక్కన నిలబడ్డ నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

అతను పోయాడని మొన్న ఫోన్ వచ్చింది. గుండెనొప్పి అట, దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. పోవలసిన వయసు కాదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడతాను, అతనిలో మంచికి కొదవ లేదు. కానీ గొంతుకు అడ్డం పడ్డ మాట ముందు బయటికి రాకపోతే దాని వెనక ఉన్నవి ఎట్లా వస్తాయి? అందుకే దాన్ని ముందు పెట్టాను. పేరు రాయను. అతని భార్యాపిల్లలకు నాతో తగువు లేదు, నాకు వాళ్ళతో లేదు.

కొండాపూర్ దాటి హఫీజ్‌పేట్ వైపు వచ్చే దారిలో ఒకప్పుడు నాపరాళ్ళు దాచిన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో అతనూ, అతని స్నేహితులు కొందరూ కలిసి దాన్ని కిరాయికి తీసుకున్నారు. చిన్న లేతు మిషను, డ్రిల్లు, రంపాలు, ఆకురాళ్ళు, పొడవాటి బల్లలు పెట్టారు. ఎవరైనా రావచ్చు, మనసులో ఉన్న వస్తువును చేతిలోకి తెచ్చుకుని పోవచ్చు. దీన్ని మేకర్‌స్పేస్ అంటారని అతనే చెప్పాడు. మా ఆవిడ మాత్రం 'పనిలేనోళ్ళ కార్ఖానా' అనేది. ఆ పనిలేనోళ్ళలో నేనూ ఒకణ్ణి. బాలానగర్‌లో ఒక పనిముట్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి దిగిపోయిన తర్వాత ఇంట్లో కూర్చోలేక చచ్చిపోతున్న రోజులవి.

నేను అక్కడికి పోయింది కాలక్షేపానికి కాదు. మా ఆవిడ అన్నం వారుస్తుంటే పట్టకారు జారింది. అన్నం గిన్నె, ఆ సిల్వర్ గంజు, పక్కకు ఒరిగి, మరిగే గంజి ఆమె పాదం మీద పడింది. పుండు మానింది కానీ ఆమె చెయ్యి మానలేదు. గంజు వంచాలంటే చెయ్యి వణికేది. పక్కింటామెను పిలిచి వంపించుకునేది. పెళ్ళయిన నాటి నుంచీ తన పొయ్యి దగ్గరికి ఇంకొకరిని రానివ్వని మనిషి! అది చూడలేక, జారని పట్టకారు ఒకటి నేనే చేస్తానని బయలుదేరాను.

మొదటి రోజు అతను నన్ను ఎగాదిగా చూడలేదు. కుర్చీ కూడా చూపించలేదు. తను బోర్లించిన సున్నం డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ దాని మీదే కూర్చునేవాడు.

"ఏం జేద్దామని కాకా?"

"పట్టకారు."

"బజార్ల దొర్కవా?"

"దొరుకుతయి. జారుతయి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఎవరి మీద జారింది?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకు నేను అతనికి లొంగిపోయాను. ఇప్పటికీ ఆ ప్రశ్నను కాదనలేను. ఎంతోమందికి చెప్పుకున్నాను నేను, ఎవరూ ఆ మాట అడగలేదు.

మర్నాడు మా ఇంటికి వచ్చాడు. వంట వేళకు చెప్పి మరీ వచ్చాడు. వంటింటి గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, పెండ్లిచూపులకు వచ్చినట్టు నిలబడ్డవ్?" అంది మా ఆవిడ.

"నువ్వు గంజు వంచేది చూడాల్నే చిన్నమ్మా."

"నేను వంచుతలేను. వంచితే నీ కాకకు ఈ తిప్పలెందుకు?"

"వట్టి గంజే వంచు. నీళ్ళు పోసుకొని వంచు. కాలవు గద."

ఆమె చల్లటి నీళ్ళతో గంజు నింపి వంచింది. మళ్ళీ వంచమన్నాడు, మళ్ళీ వంచింది. అతను గంజును చూడలేదు, ఆమె మోచేతిని చూశాడు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు, "కాకా, నువ్వు పట్టుడు గురించి ఆలోచన జేస్తున్నవ్. ముచ్చట పట్టుడు కాదు, ఒంపుడు. నిలువుగ ఉన్నప్పుడు అన్ని పట్కార్లు మంచిగనే పడ్తయి. మనిషి చెయ్యి తిప్పినప్పుడే మోసం జేస్తయి."

నిజం. నేను అప్పటిదాకా దవడలు గట్టిగా మూసుకోవాలనే చూస్తున్నాను. చెయ్యి తిప్పినప్పుడు గంజు బరువు దవడను ఇంకా బిగించేట్టు ఉండాలన్న దారి అక్కడ దొరికింది. ఆ పట్టకారులో సగం అతనిది. ఎవరడిగినా ఇదే చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను. అబద్ధం చెప్పి గొప్పవాణ్ణి కావలసిన అవసరం నాకు లేదు.

అతని పనితీరు ఒకటి చెప్పాలి. ఇనుము ముట్టుకునే ముందు ప్రతి వస్తువూ అట్టతో చేసి చూడాలనేవాడు. ఆ అట్ట కోసం బజారుకు పోయేవాడు కాదు. బస్తీలో ఇల్లిల్లూ తిరిగి పాత పెళ్ళిపత్రికలు అడుక్కొచ్చేవాడు. "పెండ్లి ఖర్చుల అంత గట్టి సరుకు ఇదొక్కటే కాకా," అనేవాడు. కత్తిరించే ముందు వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కను జాగ్రత్తగా చింపి గోడకు అతికించేవాడు. దేవుడి మీద కత్తెర పడకూడదు. అట్లా షెడ్డు గోడంతా బంగారు రంగు వినాయకులతో నిండిపోయింది. మా మొదటి పట్టకారు కింది దవడ మీద 'కనిష్ఠ పుత్రుడు' అని ఉండేది, పై దవడ మీద 'జ్యేష్ఠ పుత్రిక' అని. "ఇద్దరికీ పడ్తలేదు, ఇంకో సంబంధం జూడాలె," అని ఆ నమూనాను పక్కన పడేశాడు. కాసేపు ఇద్దరం పని చేయలేకపోయాం నవ్వుకు.

తయారైన నమూనాను భుజం ఎత్తు నుంచి బండ మీద పడేసేవాడు. కావాలనే. "ఇంట్ల ఎట్లయినా పడ్తది, మన ముందరే పడనీ." పడేసి, వంగి తీసుకుని, కళ్ళకద్దుకునేవాడు. "తప్పయింది తల్లీ," అనేవాడు. ఎవరున్నా, ఎంత హడావిడిలో ఉన్నా, పడేసిన ప్రతిసారీ క్షమాపణ ఉండేది. వస్తువుకు చెప్పుకున్న ఆ మాట మనిషికి చెప్పడం ఎందుకు చేతకాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎడమ అరచేతి మీద అతనికి ఒక గాటు ఉండేది. నేను పోయిన కొత్తలో అడిగితే, పెళ్ళిపత్రిక కోస్తుంటే బ్లేడు గీసుకుందన్నాడు. కొన్నాళ్ళకు ఇంకెవరికో కాలేజీలో పగిలిన అద్దం అని చెప్తుంటే విన్నాను. సమ్మె రోజులు వచ్చేసరికి అది లాఠీ దెబ్బ అయింది. నాకు మొదట చెప్పింది గుర్తుంది కాబట్టి మొహం వంక చూశాను. కళ్ళలో అబద్ధం లేదు. ఆ గాటును బొటనవేలితో రుద్దుకుంటూ నొప్పి పడుతున్నాడు. చెప్పిన కథ అతనికి నిజమైపోయేది. అప్పుడు అది నాకు ముద్దుగానే అనిపించింది. కళాకారుడు కదా అనుకున్నాను.

ఇక చదువు సంగతి.

మా ఊరి పేరు ఇప్పటికీ బస్సుల మీద ఉంది, ఊరు లేదు. ఆ చుట్టుపక్కల మాకు చేను ఉండేది. మా నాయన వేలికి సిరా పూసి ఒక కాగితం మీద అద్దించారు. అందులో ఏమున్నదో ఆయనకు చదివి చెప్పినవాడు లేడు. ఆ నేల మీద ఇప్పుడు అద్దాల భవనం ఉంది, ఎండ పడితే దాని వంక చూడలేం. ఆ రోజు ఇంటికొచ్చి నాయన బొటనవేలిని మట్టిగోడకు రాసి రాసి తుడుచుకోవడం నేను చూశాను. తోలు ఊడేదాకా రాశాడు. నన్ను బడికి పంపే స్థితి ఎన్నడూ లేదు, ఆ తర్వాత అసలే లేదు. బాలానగర్‌లో పనికి కుదిరాక పెట్టెల మీద అచ్చు వేసిన అక్షరాలు, బస్సుల మీది బోర్డులు కూడబలుక్కున్నాను. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం నూనెకు తడిసి, వెనకవైపు అక్షరాలు కూడా ముందుకు కనిపించేవి. ఒకదాని మీద ఒకటి పడ్డ ఆ వరుసలను విడదీసుకుంటూ చదవడమే నా రెండో తరగతి. తర్వాత గ్రంథాలయం. హాజరు పట్టీలో వేలిముద్ర మాని మొదటిసారి సంతకం చేసిన రోజు తోటివాళ్ళందరికీ చాయ్ తాగించాను. అప్పటినుంచీ జేబులో కలం లేకుండా గడప దాటలేదు. చావుకు పోయినా కలం ఉంటుంది.

ఇదంతా అతనికి తెలుసు. నేనే చెప్పాను. చెప్పడమేమిటి, షెడ్డులో చాయ్ వేళకు రోజూ పేపరు పైకి చదివేది నేనే. అతను ఇంగ్లీషు చదువుల మనిషి, తెలుగు అక్షరం అతనికి నెమ్మదిగా కదిలేది. "కాకా, జర సదువు, నా చేతులు ఖాళీ లేవు," అనేవాడు ఆకురాయి ఆపకుండా. నేను చదివేవాణ్ణి. ఎక్కడ బంద్, ఎక్కడ దీక్ష, ఢిల్లీలో ఎవరేమన్నారు. నచ్చని మాట వస్తే ఆకురాయి చప్పుడు పెరిగేది, నచ్చితే ఆగేది. షెడ్డుకు వచ్చేవాళ్ళలో గుంటూరు వైపు అమ్మాయి ఒకామె ఉండేది. పగలు కంపెనీలో ఉద్యోగం, సెలవు రోజుల్లో తన బిడ్డ కోసం చెక్కతో తోపుడు బండి చేసుకునేది. ఉద్యమం వార్తలు వచ్చినప్పుడు ఆమె తల దించుకుని ఇసుకకాగితం రుద్దేది. "మీరు చదివితే రేడియోలో విన్నట్టు ఉంటుందండీ అంకుల్," అని మాత్రం అనేది. అతను వెంటనే "అది తెలంగాణ రేడియో మేడం, కిరాయి కట్టాలె," అని ఏడిపించేవాడు.

ముందే పసిగట్టవలసిన సంగతి ఒకటి ఉంది. శనివారాలు అద్దాల భవనాల నుంచి మెడలో కార్డులు వేలాడేసుకుని కొందరు షెడ్డు చూడ్డానికి వచ్చేవాళ్ళు. అప్పుడు అతను నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, అరచెయ్యి విప్పి చూపించేవాడు, కూరగాయల బండివాడు వంకాయ తిప్పి చూపినట్టు. "నెత్తికి యాదుండదు, చేతులకే యాదుంటది," అనేవాడు. వాళ్ళు ఫోటో తీసుకునేవాళ్ళు. నాకు నచ్చేది కాదు. గుంజుకుంటే నలుగురిలో అతనికి చిన్నతనమని ఊరుకునేవాణ్ణి. మనోడు కదా. ఆ రోజుల్లో ఆ మాట ఎంత బరువు మోసిందో ఇప్పటివాళ్ళకు చెప్పినా తెలియదు. మనోడు అన్నాక ఇక లెక్కలు చూసుకునేది ఏముంటుంది?

వంటావార్పు రోజు వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే పదిమంది కూర్చుని తినడం. ఆ దారిన బండి పోదు. అదీ నిరసన. కొత్తగూడ చౌరస్తా దగ్గర పెట్టారు. ఆఫీసుల్లో ఊడ్చే ఆడవాళ్ళు, గేట్ల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, ఆటో డ్రైవర్లు, మా బస్తీవాళ్ళు. ఆఫీసు బస్సులు వరుసగా ఆగిపోయి ఉన్నాయి. పెళ్ళిళ్ళలో వాడే పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. దానికి అటొకటి ఇటొకటి మా పట్టకార్లు. అప్పటికి దవడ కుదిరింది, వేపకర్ర పిడి కుదిరింది. ఇంటి గంజు మీద పనిచేసింది. ఇంత పెద్దదాని మీద చూడటం అదే మొదలు.

పొద్దున బయలుదేరే ముందు షెడ్డులో అతను నా జేబు వంక చూశాడు.

"కాకా, ఆ కలం తియ్యరాదు. పొయ్యి కాడ వంగినప్పుడు మంటల పడ్తది."

నేను తీసేలోపు అతనే తీసి తన జేబులో పెట్టుకున్నాడు. ఎంత ఆలోచన ఇతనికి అనుకున్నాను. అవును, నేను అట్లాగే అనుకున్నాను.

అన్నం ఉడికింది. వార్చాలి. ఎవరు పడతారన్నప్పుడు మా ఆవిడ కొంగు బిగించుకుని ముందుకు వచ్చింది. నేను వద్దనబోయాను.

"నా కాలు కాలిందని చేసిన పట్కారు, నేను గాక ఇంకెవలు పడ్తరయ్యా? పక్కకు జరుగు."

ఇటు ఆమె, అటు ఊడ్చే పనిచేసే ఒక బలమైన మనిషి. ఇద్దరూ పట్టారు. లేపారు. వంచారు. నేను గంజును చూడలేదు, అతను నేర్పినట్టే ఆమె మోచేతిని చూశాను. వణకలేదు. గంజి తెల్లగా, ఆవిర్లు కక్కుతూ రోడ్డు పక్కకు పారింది. ఒక్క మెతుకు జారలేదు. గంజును కింద పెట్టి మా ఆవిడ నా వంక చూసి, "ఏడుస్తున్నవా, పొగా?" అంది. పొగే అన్నాను.

జనం అరిచారు, ఈలలు వేశారు. అప్పుడే టీవీవాళ్ళ కెమెరా వచ్చింది. అతను నన్ను దగ్గరికి లాగి, భుజం మీద చెయ్యి వేసి, మైకు ముందు నిలబెట్టాడు. నా జన్మలో అంత మంచి క్షణం ఇంకొకటి లేదు. దాన్ని అతను ఇట్లా వాడుకున్నాడు.

"ఇగో, జేసింది మా కాకనే. బడి మొఖం జూడలే. అక్షరం ముక్క రాదు, సంతకం సుత రాదు. కానీ ఈ చేతులు జూడుండ్రి! సదువుకున్నోళ్ళు అద్దాల మేడలల్ల ఏసీల కూసొని చెయ్యలేనిది ఈ చేతులు జేసినయ్. గిదీ తెలంగాణ అంటే!"

నా చెయ్యి పైకి లేచింది. లేపింది అతను. చప్పట్లు. నా కలం అతని జేబులో ఎండకు మెరుస్తోంది.

"వస్తది," అన్నాను. "నాకు సదువొస్తది."

నోరు తెరిచాను, పైకే అన్నాను, ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. డప్పు మొదలైంది. కెమెరా అతని వైపు తిరిగింది. జనంలోంచి ఒకే ఒక్క గొంతు లేచింది, గుంటూరు అమ్మాయిది. అన్నం తిందామని వచ్చి రోడ్డు వారన నిలబడి ఉంది.

"కాదండీ, ఆయన రోజూ పేపరు చదువుతారండీ. నేను వింటానండీ."

అతను నవ్వుతూనే ఆమె వైపు తిరిగాడు. "మేడం, జర ఊకోండ్రి. ఇది మా ముచ్చట."

ఆమె ఊరుకుంది. మనోడు నా చదువు తీసేశాడు, పరాయిదని మావాళ్ళు అనుకున్న పిల్ల తెచ్చి ఇవ్వబోయింది. ఉద్యమం తప్పని నేననను. నేనూ ఆ రోడ్డు మీద కూర్చున్నవాణ్ణే, ఇప్పుడు పిలిచినా కూర్చుంటాను. కానీ ఆ పూట జరిగింది జరిగినట్టు రాయాలి కదా.

టీవీలో వచ్చింది. మళ్ళీ మళ్ళీ వేశారు. బస్తీలో కుర్రకారుకు నేను దొరికాను. "ఏందే తాతా, నీకు సదువు రాదంట? మరి మా కరెంటు బిల్లు తప్పుందని ఎట్ల జెప్పినవే? వాసన జూసినవా?" ఒకడైతే దవాఖాన కాగితం తెచ్చి, చదివించుకోబోయి, నాలిక కరుచుకుని, "అరె, నీకు రాదుగద," అని వెనక్కు తీసుకున్నాడు. హాస్యానికే. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పుకున్నాను.

మా ఆవిడ తేల్చేసింది. "నీకొస్తదని నాకెర్కనే గద? ఇంక లోకానికెందుకు? అయినా సదువొచ్చి ఏం జేసినవ్, పేపర్ల బంగారం ధర సదివి నన్ను బెదిరిచ్చుడు తప్ప."

ఆమె పాదం బాగుపడింది, ఆమెకు చాలు. నాకు చాలలేదు. మా నాయన వేలు కళ్ళ ముందు ఆడుతుంటే ఎట్లా చాలుతుంది?

షెడ్డుకు పోయాను. అతను డబ్బా మీద కూర్చుని ఒక పెళ్ళిపత్రిక నుంచి దేవుణ్ణి చింపుతున్నాడు. ముందు నా కలం అడిగాను. ఇచ్చాడు.

"ఎందుకట్ల అన్నవ్ బిడ్డా?"

"ఎట్ల అన్న?"

"నాకు అక్షరం రాదని."

"అరె కాకా, గది పొగిడిన!"

"నన్ను పొగడాల్నంటే నాకున్నది తీసెయ్యాల్నా?"

చేతిలో పని ఆపాడు. "పేపరు సదివెటోళ్ళు మస్తుమంది ఉన్నరు కాకా. ఫ్యాక్టరీల జేసిన ఫిట్టరు పట్కారు జేసిండంటే ఎవడింటడు? అక్షరం రానోడు జేసిండంటే గుండెకు తగుల్తది. ఇయ్యాల మనకు గసొంటి మనిషి గావాలె."

"గసొంటి మనిషి ఉంటే ఆయన్నే పట్టుకరా. నేను గాదు."

చింపిన దేవుణ్ణి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "జర ఓపిక పట్టు. తెలంగాణ రానియ్. వచ్చినంక నేనే మైకు పట్టుకొని చెప్త, మా కాకనే నాకు పేపరు సదివి ఇనిపిచ్చెటోడని. ఒట్టు."

నమ్మాను. ఆ రోజుల్లో అందరం అన్నీ అట్లాగే పెట్టుకున్నాం. అన్నదమ్ముల పంపకం, ఇంటికి సున్నం, పిల్లకు సంబంధం, దేవుడి మొక్కు, ఏదడిగినా తెలంగాణ వచ్చినంక. మా ఒట్టు కూడా ఆ వరుసలో పోయి కూర్చుంది. మర్నాడు చాయ్ వేళకు అతను అలవాటుగా "కాకా, జర సదువు," అన్నాడు. "నాకు రాదుగద," అన్నాను. బల్ల చరిచి నవ్వాడు. వచ్చినవాళ్ళకల్లా ఆ మాట చెప్పి నవ్వించాడు. నేను ఆ షెడ్డులో మళ్ళీ పేపరు విప్పలేదు.

తెలంగాణ వచ్చింది. పొద్దున్నే అతను మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు, మొహమంతా రంగు. మా ఆవిడ నోట్లో లడ్డూ పెట్టాడు, కాళ్ళకు మొక్కాడు, నన్ను కౌగిలించుకుని గాల్లోకి లేపాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి. కిందికి దించాక అడిగాను.

"మైకు ఎప్పుడు బిడ్డా?"

"ఇయ్యాల పండుగ కాకా. పండుగ నాడు పంచాయితీ పెడ్తవా?"

మా ఆవిడ కూడా అతని వైపే మాట్లాడింది. సరే, ఆగాను.

కొన్నాళ్ళకు అతనికి మైకు దొరికింది. గచ్చిబౌలిలో చల్లటి పెద్ద హాలు, ముందు వరుసలో నాకు కుర్చీ. తెర మీద బొమ్మ పడింది. నా చేతులు. అంతే, మొహం లేదు, మణికట్టు దగ్గర తెగిపోయింది. అతను ఇంగ్లీషులో మాట్లాడాడు. అందంగా మాట్లాడాడు, గొంతు ఒకచోట వణికింది కూడా. పెద్ద పెద్ద మాటలు నాకు అందలేదు కానీ 'ఇల్లిటరేట్' అన్న మాట అందింది. ఆ మాట నాకు ఇంగ్లీషులో కూడా తెలుసు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బయట బల్ల మీద మా పట్టకార్లు అట్టపెట్టెల్లో అమ్మకానికి పెట్టి ఉన్నాయి. పెట్టె మీద నీలిసిరాతో పెద్ద వేలిముద్ర, చేసినవాడి గుర్తుగా. ఎవరి వేలో నాకు తెలియదు. నాది కాదు.

అది చూశాక నేను అతనితో మాట్లాడలేదు. అతను రెండు మూడుసార్లు ఇంటికి వచ్చాడు, నేను వెనక గదిలో ఉండిపోయాను. మా ఆవిడ చాయ్ ఇచ్చి పంపింది. తర్వాత షెడ్డు ఎత్తేశారు, అక్కడ బిర్యానీ హోటలు వచ్చింది. అతనెక్కడో పెద్ద ఉద్యోగంలో చేరాడని, సభల్లో ఇప్పటికీ ఆ కథ చెప్తాడని గుంటూరు అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్‌లో చెప్పేది. మొన్న కబురు చెప్పింది కూడా ఆమే.

నిరుడు నేను ఫోన్‌లో తెలుగులో రాయడం నేర్చుకున్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మళ్ళీ అప్పటి బజ్జీల కాగితం ముందు కూర్చున్నట్టు. చెయ్యి అలవాటయ్యాక మొదట రాసింది అతనికే. తిట్టలేదు. ఇట్లా రాశాను:

"బిడ్డా, నీవు అడిగిన ఒక్క ప్రశ్నతో మా ఇంట్లో పొయ్యి మళ్ళీ వెలిగింది. ఆ మేలు మరిచేవాణ్ణి కాను. కానీ నాకున్న ఆస్తి ఒక్కటే, అది నేను ఒంటరిగా సంపాదించుకున్నది. దాన్ని నీవు పదిమందిలో లేదన్నావు. తెలంగాణ వచ్చాక చెప్తానన్నావు. వచ్చి చాలాకాలమైంది. పదిమందిలో చెప్పకపోయినా ఫర్వాలేదు. నాకు చదువు వస్తుందని నీకు తెలుసునని నాకొక్కడికి చెప్పు. అది చాలు."

చదివినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. రోజులు గడిచాయి. నేను ఆశ వదిలేసుకున్నాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అతను రాయలేదు, గొంతు రికార్డు చేసి పంపాడు. మా ఆవిడా నేనూ మంచం మీద పక్కపక్కన కూర్చుని విన్నాం. అదే గొంతు, అదే ప్రేమ.

"కాకా, మంచిగున్నవా? చిన్నమ్మ మంచిగున్నదా? మెసేజ్ అందిందే. నీకు సదివే తిప్పలెందుకని నోటితోనే చెప్తున్న. మస్తు రాసిండ్రు కాకా, నిజంగ, నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఎవలతోని రాయించినవ్?"